సెగ బాబాయి, అక్కగారి దుప్పట్లు

ఏ ఊరికి వెళ్లినా నేను మొదట పిల్లుల్ని చూస్తాను. చలికాలంలో అవి ఏ గోడకి ఆనుకుని పడుకున్నాయో గమనిస్తే, ఆ గోడ అవతల ఏదో వేడెక్కుతోందని చెప్పేయొచ్చు. రొట్టెల బట్టీ కావచ్చు, నీళ్ల మోటారు కావచ్చు. ఈ విషయం మీద గ్రంథాలు తిరగేసినవాళ్లకంటే పిల్లులే ముందున్నాయి. మనిషి పారేసుకున్న వెచ్చదనాన్ని ఏరుకోవడంలో వాటికి పోటీ వచ్చినవాణ్ణి ఒక్కణ్ణే చూశాను. ఆయన సెగ బాబాయి.

అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో. ఐస్ ఫ్యాక్టరీలో మిషన్ ఆపరేటరు. నీళ్లు గడ్డ కట్టాలంటే వాటిలోని వేడి ఎక్కడికో పోవాలి కదా. అది గొట్టాల వెంట వెనక గోడకున్న పెద్ద ఫ్యాను దాకా వచ్చి, సందులోకి ఎగిరిపోతుంది. దారిన పోయేవాళ్లకి అది ఉక్కపోత, బాబాయికి కడుపుకోత. అన్నం క్యారియరు మోటారు మీదే పెట్టుకుంటాడు. ఇంట్లో సాక్సులు ఫ్రిజ్ వెనక ఆరేస్తాడు. చుట్టాలొచ్చినప్పుడైనా తీయమని భార్య బతిమాలితే, "వాళ్లవి కూడా ఇమ్మను, ఇంకా చోటుంది," అన్నాడట.

ఫ్యాక్టరీని ఆనుకునే ఆయన అక్క లాండ్రీ. దాని మీద గదిలో నేను అద్దెకుండేవాణ్ణి. ఆసుపత్రి దుప్పట్ల మీదే అక్క బతుకు. ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. చెమ్మ దుప్పట్లు వెళ్లడంతో హెడ్ నర్సు తేల్చి చెప్పేసింది. మరోసారి అలా వస్తే వేరే లాండ్రీ చూసుకుంటామంది.

అక్క తమ్ముడికి చెప్పలేదు. చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. అయినా ఆయన చెవిన పడింది.

"ఇంత వేడి సందులో పారబోస్తున్నాం అక్కా. నీ గదిలోకి మళ్లిస్తాను."

"మళ్లించరా. మీ ఓనరు నిన్ను సందులోకి మళ్లిస్తాడు."

పాత రేకులు చుట్టి బాబాయి ఒక గొట్టం కట్టాడు. అది ఫ్యాను దగ్గర మొదలై, గోడ దాటి, నీళ్ల ట్యాంకు చుట్టూ తిరిగి, నా కిటికీ కింద నడుం వంచి, అక్క గదిలోకి తొండం పెట్టింది. పొద్దుటికి సగం దుప్పట్లు అప్పడాల్లా ఆరాయి. అక్క తమ్ముణ్ణి ఒక్క మాటా అనలేదు. ఆ ఇంట్లో అది మెచ్చుకోలు.

అదే పొద్దున ఫ్యాక్టరీలో ఐస్ డబ్బాలు బోర్లిస్తే గడ్డలకి బదులు జావ జారింది. గొట్టానికున్న మెలికల్లో ఫ్యాను గాలి ఇరుక్కుపోయి, మిషన్‌కి ఊపిరాడలేదు. ఓనరు వచ్చాడు.

"నీకు జీతం ఐస్ చెయ్యడానికా, దుప్పట్లు ఆరబెట్టడానికా?"

బాబాయి ఆలోచించాడు. ఓనరుకి కోపం తెప్పించింది ఆ ఆలోచనే. "సాయంత్రానికి గడ్డ కట్టకపోతే రేపట్నించి రాకు."

బాబాయి గొట్టం ఊడబెరికాడు. మిషన్ తేరుకుంది. మిగతా దుప్పట్లు మాత్రం టబ్బుల్లోనే ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే అవి ఆసుపత్రికి చేరాలి. రేకుల మధ్య కూలబడ్డ తమ్ముణ్ణి అక్క కాసేపు చూసింది.

"వేడిని నా దాకా ఈడ్చుకొచ్చే బదులు, దుప్పట్లే దాని దగ్గరికి తీసుకొస్తే ఏం పోయిందిరా?"

"అలాగైతే నేను చెయ్యడానికేం ఉండదుగా."

"ఉంది. తాళ్లు కట్టు."

వాన పడకుండా గొట్టం రేకులే సందుకి కప్పయ్యాయి. ఫ్యానుకి గాలి అడ్డు లేకుండా, కాస్త ఎడంగా తాళ్లు కట్టి దుప్పట్లు ఆరేశారు. సాయంత్రం ఓనరు వచ్చి ఐస్‌గడ్డని గోళ్లతో గీకాడు. రాయిలా ఉంది. తర్వాత సందులోకి వెళ్లి, ఎగురుతున్న దుప్పట్ల మధ్య చాలాసేపు నిలబడ్డాడు. ఏమంటాడోనని అందరం బిగుసుకుపోయాం. ఆయన భుజం మీది తడి తువ్వాలు తీసి, తాడు చివర ఆరేసి వెళ్లిపోయాడు.

మర్నాడు అక్క ఆసుపత్రి నుంచి ఖాళీ బండితో తిరిగొచ్చింది.

"నర్సమ్మ మడతల్లో చెయ్యి పెట్టి, ఇంకా వెచ్చగా ఉన్నాయే అంది. ఇకమీదా మనకే ఇస్తుందట."

బాబాయి మొహం వాడిపోయింది. "వెచ్చగా ఉన్నాయా? అంటే దారంతా ఎంత వేడి పోయిందో."

"పోలేదురా. ఈపాటికి ఎవరో జబ్బుమనిషి కప్పుకుని ఉంటారు."

ఆయన లేచి, బండికి చుట్టడానికి గోనెపట్టా వెతకసాగాడు.