వేడెక్కితే మొరాయించే కంప్యూటర్

నల్గొండలో టీవీలు బాగుచేసే హసీనాను ఆ వేసవిలో ఎండకన్నా ఎక్కువ సతాయించింది యోహాను సారు తెచ్చిన పాత కంప్యూటరే. ఆమెకు అప్పటికి నలభై ఆరేళ్లు. పని నేర్పిన తండ్రి మక్సూద్ చనిపోయాక పదేళ్లుగా దుకాణం ఒక్కతే నడుపుతోంది. ఆడమనిషి టీవీ విప్పడమేమిటని మొదట్లో జంకినవాళ్లే, తర్వాత ఎక్కడా బాగుకానివి తెచ్చి ఆమె బల్లమీద పెట్టేవారు.

యోహాను మర్రిగూడలో లెక్కల సారుగా చేసి రిటైరైనవాడు. 1989లో చుట్టుపక్కల అరవై బోర్ల నీళ్లు పట్టించి, ఏ బోరులో ఎంత ఫ్లోరైడ్ ఉందో పరీక్ష చేయించాడు. ఆ అంకెలన్నీ బావమరిది సౌదీ నుంచి తెచ్చిన చిన్న కంప్యూటర్లో ఎక్కించి క్యాసెట్లో దాచాడు. కాగితాలు చెదలపాలయ్యాయి. క్యాసెట్ మిగిలింది.

"నల్లా బందైన దినం జనం మళ్ల గా పాత బోర్లకాడికే పోతున్నరు బిడ్డా. ఏ నీళ్లు తాగొద్దో చెప్పాలె గద" అన్నాడు.

కీబోర్డులోనే అంతా ఇమిడి, టీవీకి తగిలించుకునే రకం అది. స్విచ్ వేయగానే బాగానే వెలిగేది. టేప్ రికార్డర్ తగిలించి క్యాసెట్ తిప్పితే, అందులో ఉన్నది లోపలికి ఎక్కడానికి ఆరు నిమిషాలు కావాలి. నాలుగో నిమిషంలో తెరనిండా పిచ్చి గీతలు. వెంటనే ఆపి మళ్లీ వేసినా గీతలే. అరగంట చల్లారనిస్తే మళ్లీ నాలుగు నిమిషాలు పనిచేసేది.

వేడికి ఏదో చిప్పు చెడుతోందని హసీనా అనుకుంది. మూత తీసి, గీతలు రాగానే స్పిరిట్లో ముంచిన దూదిని ఒక్కో చిప్పు మీద అదిమిపట్టి స్విచ్ వేసి చూసింది. మెమరీ చిప్పుల వరుసలో మూడోదాన్ని చల్లబరచగానే తెర శుభ్రంగా వచ్చింది.

"దొరికినవ్!" అంది.

హైదరాబాద్ కోఠీ నుంచి అలాంటి చిప్పే తెప్పించి మార్చింది. నాలుగో నిమిషంలో గీతలు. ఈసారి నాలుగో చిప్పును చల్లబరిస్తే తెర బాగుపడింది. అదీ మార్చింది. మళ్లీ గీతలే. బాగుచేయాల్సిన టీవీలు గోడవారగా పేరుకుపోతున్నాయి. వాటి యజమానులు వచ్చి అరిచి పోతున్నారు.

"గిది నన్ను పిచ్చిదాన్ని చేస్తాంది సార్. పట్కపోండ్రి."

"జర ఇంకొక్కసారి చూడు బిడ్డా."

"ఇరవై దినాల సంది చూస్తనే ఉన్న! నా పనంత ఆగమైంది."

యోహాను కదల్లేదు. "మా పక్కింటి సత్తమ్మ మనుమరాలు గా నీళ్లే తాగుతాంది. దాని పండ్లు పచ్చగైనయ్. యేడేండ్ల పిల్ల" అన్నాడు.

హసీనా బల్ల దగ్గరికి వెళ్లి, కంప్యూటర్ వేసి గీతలు వచ్చేదాకా ఆగింది. స్పిరిట్ సీసా ఖాళీగా ఉంది. విసుగ్గా పొడి దూదినే మూడో చిప్పు మీద గట్టిగా నొక్కి స్విచ్ వేసింది.

తెర శుభ్రంగా వచ్చింది.

ఆమె దూదివంక చూసింది. తడి లేదు. ఇన్ని రోజులూ తెరను బాగుచేసింది చల్లదనం కాదు, తన వేలి ఒత్తిడి. బోర్డు తిరగేసి భూతద్దం పెట్టింది. ఆ రెండు చిప్పుల పక్కనే ఉన్న మరో చిప్పు పిన్ను చుట్టూ, టంకంలో వెంట్రుకంత పగులు. వేడెక్కితే అది విచ్చుకుంటోంది, పక్కన నొక్కితే అతుక్కుంటోంది.

అర నిమిషంలో టంకం పెట్టేసింది. సంతోషం రాలేదు.

"మంచి చిప్పులు రెండు పీకి పారేసిన సార్. మా నాయిన ఉంటే మొదాలు ఏలితోని ఒత్తి చూడుమనెటోడు. నాకెందుకు తోచలే?"

కంప్యూటర్ మూడు గంటలు ఆగకుండా నడిచింది. కానీ క్యాసెట్లోని నాలుగు భాగాల్లో మూడే ఎక్కాయి. చివరి దగ్గర టేపు ముడతలు పడిపోయింది. హసీనా తొమ్మిదిసార్లు ప్రయత్నించి, రికార్డర్ మూత ధడాలున మూసింది. నలభై అయిదు బోర్ల అంకెలు యోహాను నోటుబుక్కులో రాసుకున్నాడు. మిగతా పదిహేను టేపులోనే ఉండిపోయాయి.

వారం తిరక్కుండా వాటిలో పందొమ్మిది బోర్లకు, తాగొద్దనే గుర్తుగా ఎర్రరంగు పూయించి, ఆమె ఫోనుకు ఫోటోలు పంపాడు. హసీనా అన్నీ చూసింది.

"ఇంక పదిహేను ఉన్నయ్ సార్" అని మాత్రం జవాబు పెట్టింది.