లాకుల మైదానంలో మట్టి

అకాల వాన వెలిసిన పొద్దున ఆ మైదానంలో అడుగు పెట్టగానే నాకు మా దుకాణం వాసన వచ్చింది. ఖమ్మంలో మా అబ్బాజాన్‌ది పురుగుమందుల దుకాణం. బడి నుంచి వచ్చి ఆ డబ్బాల మధ్యే కూర్చుని హోంవర్కు చేసుకున్నదాన్ని. ముక్కు పొరపాటు పడే వాసన కాదది.

ఇప్పుడు నా ఉద్యోగం కూడా దానికి దగ్గరిదే. మట్టిలో మిగిలిపోయిన మందుల్ని పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాను. దుమ్ముగూడెం దాటాక గోదావరి పక్కన, తెల్లదొరల కాలంలో పడవలు నడవడానికి కట్టిన రాతి లాకులున్నాయి. వాటిని ఆనుకుని ఊరందరిదీ అయిన మైదానం ఉంది. అక్కడ మేసిన మేకలు వణికి, నురగలు కక్కి చచ్చిపోతున్నాయని పశువుల డాక్టరు రాస్తే, మట్టి తెమ్మని నన్ను పంపారు.

మేకలు పోగొట్టుకున్నామె పక్క గూడెంలో ఉండే కోయ మనిషి. నన్ను మైదానం మూలకు తీసుకుపోయింది.

"ఈడ రేకుల షెడ్డు ఉండేదమ్మా. దోమల మందు సంచులు పెట్టేటోళ్లు. షెడ్డు కూలగొట్టినంక ఆ సంచులు ఏడ పోయినయో ఎవల్కి తెల్వదు."

నేను గడ్డపార దించేలోపే వెనక నుంచి కేక వినపడింది. పాత కట్టడాలు చూసుకునే అధికారి మోటారుసైకిలు దిగి వస్తున్నాడు.

"మేడం, తవ్వొద్దు! ఇది చారిత్రక స్థలం. పర్మిషన్ ఉందా?"

"మోకాలి లోతు చాలు సార్. మేకలు చస్తున్నయి. రేపు పిల్లలు ఆడుకుంటరు ఇక్కడ."

"మోకాలి లోతైనా తవ్వుడే గద? పైమట్టి తీస్కపోండి, ఎవరొద్దంటరు?"

ఆ పైమట్టి మైదానానిదే కాదు. పార్కు చేస్తామని ఎక్కడి నుంచో తెచ్చి పోసిన ఎర్ర మొరం. అదే చెప్పాను. ఆయన వాచీ చూసుకున్నాడు. మొరమే సంచిలో నింపుకుని వెళ్లాను. పరీక్షలో ఏమీ రాలేదు. 'పైపొర మాత్రమే పరీక్షించాం' అని రిపోర్టు కింద రాశాను. ఆ ఒక్క వాక్యం తప్ప మిగతాదంతా చదివారు. మట్టి శుభ్రంగా ఉందని ఊళ్లో మైకులో చెప్పించారు కూడా.

ఆ తరువాత అనుమతి కోసం తిరగడం మొదలుపెట్టాను. కట్టడాల వాళ్లు భూమి రెవెన్యూది అన్నారు. రెవెన్యూ వాళ్లు రాళ్లున్నాయి కాబట్టి కట్టడాల వాళ్లనే అడగమన్నారు. ఒక ఆఫీసులోనైతే, "మేకలే గద మేడం, గంత పరేషాన్ ఎందుకు?" అని నవ్వారు. ఎండాకాలం అంతా గడిచింది. ఖమ్మం తిరుగు బస్సులో పళ్లు బిగబట్టి కూర్చునేదాన్ని. ఇంట్లో ఎవరైనా పలకరిస్తే విసుక్కునేదాన్ని.

ఒకరోజు మళ్లీ వెళ్లేసరికి మైదానం మూలన కూలీలు గుంతలు తీస్తున్నారు. నడుము లోతు, పెద్ద గుంతలు. పక్కనే కొత్త బోర్డు పడుకోబెట్టి ఉంది. 'చారిత్రక స్థలం. ఇక్కడ తవ్వరాదు.'

నాకు నవ్వు రాలేదు. గుంత పక్కన పోసిన మట్టిలో తెల్లటి ముద్దలు, చివికిన సంచి పీలికలు కనిపిస్తున్నాయి. కూలీలను దూరం జరగమన్నాను, చేతులు కడుక్కోమన్నాను. చేతులకు తొడుగులు వేసుకుని సీసాలు నింపాను. ఈసారి పరీక్షలో మందు బయటపడింది. ఎప్పుడో వాడకం ఆపేసిన మందు, చాలా ఎక్కువగా.

ఆ రిపోర్టు మీద పెట్టిన మీటింగులో కట్టడాల అధికారి మొదట అడిగింది మందు గురించి కాదు.

"ఆ మట్టి ఎవరి పర్మిషన్‌తో తీసిన్రు?"

"నేను తవ్వలేదు సార్. మీరే తవ్విన్రు, బోర్డు కోసం."

గదిలో ఎవరో దగ్గారు. ఆయన కాగితాలు సర్దుకుంటూ, "అట్లయితే ఆ శాంపిల్ చెల్లదు. పద్ధతి ప్రకారం మళ్లీ తీయాలె" అన్నాడు. అందరూ తలలూపి టీ తాగారు.

బయటికి వచ్చి నేరుగా గూడెం వెళ్లాను. మేకలామెకు నేనే చెప్పాలనిపించింది. భూమిలో విషం ఉందని, మేకల్ని అటు పోనివ్వొద్దని చెప్పాను. ధన్యవాదాలు చెబుతుందనుకోలేదు గానీ అంత కోపం కూడా ఊహించలేదు.

"ఎండలకు ముందు వచ్చినవ్. ఇప్పుడు చెప్తున్నవ్. నడుమ నా మేకలు మళ్లీ పోయినయి. ఇన్ని దినాలు ఏం జేసినవమ్మా?"

ఆఫీసుల పేర్లు చెప్పబోయి ఆగిపోయాను. అవి ఆమెకెందుకు?

మర్నాడు గూడెం వాళ్లు తుమ్మకంప లాక్కొచ్చి ఆ మూలంతా చుట్టేశారు. చారిత్రక స్థలంలో అక్రమంగా కంచె వేయించానని కట్టడాల ఆఫీసు నుంచి నాకు ఫోన్ వచ్చింది. తీయించమన్నారు. "మీరే వచ్చి తీసుకోండి. గ్లౌజులు మాత్రం తెచ్చుకోండి" అని పెట్టేశాను. ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. పార్కు పని ఆగింది. విషం తీసే పని మొదలు కాలేదు. అనుమతి సంగతి అడిగితే పరిశీలనలో ఉందంటున్నారు. ప్రతి సోమవారం ఫోన్ చేస్తూనే ఉన్నాను.