అపొలోనియో చెయ్యి ఆగిన చోట

అపొలోనియో వెరాకి కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. ఎవరైనా హార్ప్‌ని వేళ్ళ కండతో వాయిస్తే చాలు, ఒళ్ళు మండిపోయేది. హార్ప్‌ని గోళ్ళతో వాయించాలి, గోళ్ళు లేనివాడు పోయి డోలు కొట్టుకోవాలి అనేవాడు. చెరకు బండి తోలి బతికే మనిషికి గోళ్ళు నిలబెట్టుకోవడం మాటలు కాదు. అందుకని ఇంట్లో కట్టెలు కొట్టడం, కర్రపెండలం తవ్వడం, తప్పించుకున్న పందిని పట్టుకురావడం, అన్నీ భార్య దెల్ఫినా చేసేది. "మా ఆయనవి చేతులు కావమ్మా, చర్చిలో అద్దాల పెట్టెలో పెట్టాల్సిన వస్తువులు" అని ఆవిడ ఇరుగుపొరుగుతో అంటూంటే, ఆయన వినీ విననట్టు గోళ్ళు అరగదీసుకుంటూ కూర్చునేవాడు.

అరవై దాటాక ఆయనకి జాతీయ హార్ప్ సమ్మేళనం నుంచి పిలుపు వచ్చింది. పరాగ్వేలో హార్ప్ భుజానికి ఆనించుకున్న ప్రతివాడూ చచ్చేలోగా ఒక్కసారైనా కూర్చోవాలనుకునే చోటు అది. ఈయన పైకి మాత్రం "ఇన్నాళ్ళకి కళ్ళు తెరిచారా" అని గొణిగాడు. రాత్రికి రాత్రే తీగలన్నీ మార్చాడు. దెల్ఫినా తాను కుట్టుపని చేసిన తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చి, తానూ వస్తానంది. హార్ప్‌ని దుప్పటిలో చుట్టి, బస్సులో రెండు సీట్లకి అడ్డంగా పెట్టుకుని, కండక్టరుతో గొడవపడి, ఇద్దరూ సమ్మేళనం జరిగే ఊరు చేరారు.

ఉదయం సాధన ఒక బడి ఆవరణలో, రేకుల షెడ్డు కింద. రెండు వందల హార్ప్‌లు వరసలు కట్టి నిలబడ్డాయి. శ్రుతి చేసుకునే చప్పుడు చెవులు చిల్లులు పడేటట్టు ఉంది. అపొలోనియో పక్క సీటు ఎవారిస్తో అనే ముసలాయనది. దక్షిణాది పశువుల దొడ్లలో పనిచేసి వచ్చినవాడు. వచ్చీ రాగానే తెరెరే పానీయం పోసిన కొమ్ము చేతికిచ్చాడు. ఆ చల్లటి ఆకు నీళ్ళు రెండు గుక్కలు తాగేసరికి ఇద్దరికీ జత కుదిరింది.

"నీ గోళ్ళు బాగున్నాయయ్యా. పెళ్ళానికి పని చెప్పి పెంచావా?" అన్నాడు ఎవారిస్తో.

"మరి నీవి?"

"నాకు పెళ్ళాం చెబుతుంది పని. అందుకే ఇలా ఉన్నాయి."

అందరినీ నడిపించే పిల్ల పేరు నిల్దా ఒవెలార్. ముప్పై లోపే ఉంటుంది. బల్ల మీద నిలబడి, పొద్దున్నుంచీ అరుస్తూనే ఉంది, గొంతు మాత్రం చెక్కుచెదరలేదు. నాలుగు పోల్కా పాటలు అయ్యాక చేతులు తట్టి, "ఇక సాయంత్రం ఆఖరిగా వాయించేది. పసివాళ్ళ పాట. అందరికీ వచ్చిందే కదా, మొదలుపెడదాం" అంది.

మొదటి నాలుగు స్వరాలు పడ్డాయి. అపొలోనియో చేతిలోని కొమ్ము జారి, తెరెరే ఆకు అంతా ప్యాంటు మీద ఒలికింది.

ఆ పాట ఆయనది. ఒకే ఒక్కసారి వాయించిన పాట. ముప్పై ఏళ్ళ పైమాట. వాళ్ళకి పుట్టిన ఎనిమిది నెలల పాప మూడు రోజుల జ్వరంతో పోయింది. పసిబిడ్డ పోతే దేవదూత అవుతుందని అక్కడివాళ్ళ నమ్మకం, అందుకని తెల్లార్లూ జాగారం చేసి, బిడ్డకి కాగితం రెక్కలు కట్టి, హార్ప్ మీద హుషారైన పాటలతో సాగనంపాలి. ఎవరూ ఏడవకూడదు. తల్లి కన్నీళ్ళు పడితే రెక్కలు తడిసి బిడ్డ ఎగరలేదు. వాయించేవాడు మధ్యలో ఆపకూడదు. మామూలుగా అయితే పొరుగూరి నుంచి మరో హార్ప్ అతను వచ్చేవాడు. ఆ వారం నది పొంగి దారులు మునిగాయి. ఊళ్ళో ఉన్న హార్ప్ ఒక్కటే, అది తండ్రిదే. ఆయనే కూర్చున్నాడు. వచ్చినవన్నీ వాయించాక, తెలతెలవారుతుండగా చేతికి ఏది తోస్తే అది వాయించాడు. అదే ఈ పాట. సగంలో ఆయన చేతులు ఆగిపోయాయి. ఎంతసేపు ఆగాయో ఆయనకే తెలియదు, మళ్ళీ ఎలా కదిలాయో తెలియదు. ఆపకూడని చోట ఆపానన్నది మాత్రం తెలుసు.

ఆ తరవాత దెల్ఫినా మంచం పట్టింది. గోడవైపు తిరిగి పడుకున్న మనిషి మళ్ళీ ఇటు తిరగడానికి ఒక చెరకు కోత కాలం పట్టింది. అపొలోనియో భయపడిపోయాడు. పాప పేరు ఇంట్లో వినపడకూడదని తనకి తానే ఒట్టు పెట్టుకున్నాడు. ఆ పాట మళ్ళీ ముట్టుకోలేదు. పసివాళ్ళ జాగారాలకి ఎవరు పిలిచినా తీగ తెగిందనో నడుం పట్టిందనో చెప్పి ఎగ్గొట్టాడు. దెల్ఫినా మాత్రం కోలుకున్నాక అలాంటి ఇళ్ళకి వెళ్ళేది. రెక్కలు కత్తిరించడానికీ, జపమాలకీ ఆడవాళ్ళు కావాలి కదా అనుకుని ఆయన ఏమీ అడిగేవాడు కాదు. ఆవిడా ఏమీ చెప్పేది కాదు.

ఇప్పుడు ఆ పాటని రెండు వందల మంది, తాతల ఆస్తిలా, చూడకుండా వాయించేస్తున్నారు! ఎవడో కుర్రాడు చూయింగ్ గమ్ నములుతూ వాయిస్తున్నాడు. అంతలో పాట సగానికి వచ్చింది. రెండు వందల జతల చేతులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

సరిగ్గా అక్కడే. ఆ స్వరం దగ్గరే.

రేకుల మీద పిచ్చుక నడుస్తున్న చప్పుడు వినిపించింది. నిల్దా తల ఊపింది. అందరూ మళ్ళీ అందుకున్నారు.

అపొలోనియో లేచి, మనుషుల్నీ హార్ప్‌లనీ తోసుకుంటూ బల్ల దగ్గరికి వెళ్ళాడు. "ఆపు! ఆపమ్మాయ్! ఎవరు నేర్పారు మీకిది?"

"ఎవరు నేర్పడమేమిటి మాస్టారూ? జాగారాల పాట. మా అమ్మమ్మల నాటిది."

"అమ్మమ్మల నాటిదా!" ఆ పాట నాది అనడానికి లేదు. అంటే ఎప్పుడు కట్టావంటారు, ఎవరికోసం అంటారు, సాయంత్రానికల్లా మైకులో చెబుతారు. "అక్కడ... మధ్యలో ఆగుతున్నారేమిటి? అలా ఆగకూడదు. అది తప్పు."

నిల్దా నవ్వింది. "ఆ ఆగడమే దానికి ప్రాణం మాస్టారూ. ఎంతసేపంటారా, నేను తల ఊపేదాకా. ఇప్పుడు జనం లేరు గనక బోసిగా ఉంది. సాయంత్రం చూడండి."

"ఈ పాట తీసెయ్. వేరే ఏదన్నా పెట్టు. దణ్ణం పెడతాను తల్లీ."

ఆయన నిజంగానే చేతులు జోడించాడు. నిల్దా నవ్వు మానేసింది. "మాస్టారూ, మా తమ్ముడు పోయినప్పుడు దీన్నే వాయించారు. మా అమ్మ ఈ పాట కోసమే ఇవాళ వస్తోంది. తీయలేను. మీకు వాయించాలని లేకపోతే ఊరికే కూర్చోండి, ఎవరూ ఏమీ అనరు."

తిరిగి వచ్చి కూర్చున్నాడు. కోపం రాలేదు. కోపం రానందుకు మరింత భయమేసింది. దెల్ఫినా సాయంత్రం ముందు వరసలో కూర్చుంటుంది. ఈ పాట వింటుంది. మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. ఈసారి ఇటు తిరగడానికి ఆవిడకి వయసు లేదు. మధ్యాహ్నం అంతా ఆయన బుర్రలో ఇదొక్కటే.

భోజనాల దగ్గర దెల్ఫినా మొక్కజొన్న రొట్టె తింటూ ఎవరితోనో కబుర్లాడుతోంది. పక్కకి పిలిచాడు. "మూడింటికి బస్సుంది. వెళ్ళిపోదాం."

"ఎందుకూ?"

"ఒంట్లో బాగాలేదు."

ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "చల్లగా రాయిలా ఉన్నావు. ఎవరితో పోట్లాడావ్?"

"ఎవరితోనూ లేదు. పోనీ నువ్వు వెళ్ళు. పందికి ఎవరు పెడతారు?"

"పందికి పెట్టడానికి మనిషిని పెట్టే వచ్చాను. నలభై ఏళ్ళు నీ గోళ్ళకి చాకిరీ చేశానయ్యా. ఇవాళ అవి ఏం ఊడబొడుస్తాయో చూడకుండా కదలను." అని మళ్ళీ కబుర్లకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఊరి మైదానం నిండిపోయింది. దీపాల తోరణాలు, వేయించిన మాంసం వాసన, పిల్లల అరుపులు. దెల్ఫినా అనుకున్నట్టే ముందు వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పోల్కాలు ఒకదాని వెనక ఒకటి అయిపోతున్నాయి. అపొలోనియో చేతులు వాయిస్తున్నాయి గానీ కళ్ళు ఆవిడ మీదే ఉన్నాయి. నిల్దా మైకు దగ్గరికి వచ్చి, "ఇది మన పసివాళ్ళకి" అంది. జనంలో గోల ఠక్కున ఆగిపోయింది. మగవాళ్ళు టోపీలు తీశారు.

పాట మొదలైంది. అపొలోనియో వాయించలేదు. తీగల సందులోంచి భార్యనే చూస్తున్నాడు. ఆవిడ ముఖం మారలేదు. బెదరలేదు, తడబడలేదు. పెదవులు కదులుతున్నాయి. పాటతో పాటు, స్వరానికి స్వరం, ముందే తెలిసినట్టు కదులుతున్నాయి. ఆయన అది నమ్మలేకపోయాడు.

హార్ప్‌లన్నీ ఆగాయి.

"రొహేలియో!" ఎడమ పక్క నుంచి ఒక ఆడగొంతు. "మరియ ఎలేనా!" వెనక నుంచి ఇంకొకటి. "బ్లాసీతో!" తరవాత లెక్కే లేదు. మైదానం ఆ చివర నుంచి ఈ చివర దాకా తల్లులు బిడ్డల పేర్లు పిలుస్తున్నారు. ముసలి గొంతులు, పడుచు గొంతులు. ఎవరూ ఏడవడం లేదు. ముందు వరసలో దెల్ఫినా లేచి నిలబడింది.

"నీమియా!"

ఆ పేరు విని ముప్పై ఏళ్ళు దాటింది. అపొలోనియో చెంప మీద కొట్టినట్టు వెనక్కి తూలాడు. ఆవిడ గొంతులో వణుకు లేదు. అది అలవాటుగా పిలిచే గొంతు. ఎన్నోసార్లు, ఎన్నో ఇళ్ళలో, ఎందరి ముందో పిలిచి నలిగిన పేరు అది. తన ఇంట్లో తప్ప.

నిల్దా తల ఊపింది. పాట మళ్ళీ కదిలింది. ఎవారిస్తో మోచేత్తో పొడిచాడు. "ఏడవకయ్యా, తడిసిపోతాయి. వాయించు!"

అపొలోనియో వాయించాడు. ఎలా వాయించాడో అడిగితే చెప్పలేడు.

అంతా అయిపోయి జనం విడిపోతున్నప్పుడు, ఇద్దరూ మైదానం అంచున బెంచీ మీద కూర్చున్నారు. దెల్ఫినా ఎక్కడి నుంచో రెండు చీపా రొట్టెలు తెచ్చింది. ఆయన తినలేదు.

"ఈ పాట వీళ్ళకి ఎలా వచ్చింది?"

"నేనే ఇచ్చాను," అంది ఆవిడ తాపీగా. "నువ్వు జాగారాలకి రావు కదా. వచ్చిన హార్ప్ అతనికి కూనిరాగం తీసి చూపించేదాన్ని. వాళ్ళ చెవులు పాము చెవులు, ఒక్కసారి వింటే చాలు. నీకు తెలుసనుకున్నాను. తెలిసే మాట్లాడవనుకున్నాను."

"మరి ఆ పేర్లు పిలవడం?"

"అది నీ పుణ్యమే." రొట్టె తుంచుతూ అంది. "ప్రతి తల్లికీ చెప్పాను. ఏడవొద్దంటారు గానీ పిలవొద్దని ఎవరూ అనలేదమ్మా, మా ఆయన నేను పిలుచుకోవాలని హార్ప్ ఆపాడు, నీక్కూడా ఆపిస్తాను, నోరారా పిలుచుకో అని. అప్పుడు నువ్వు ఆపావు, నేను పిలిచాను, మళ్ళీ అందుకున్నావు. గుర్తులేదూ?"

అపొలోనియో ఆవిడ వైపు తిరిగాడు. "పిలిచావా? ఆ రోజు?"

"గట్టిగా పిలిచాను కదయ్యా. నీ పక్కనే నిలబడి."

అవునని ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు. కానీ ఆయన అబద్ధం చెప్పగలిగిన మనిషి కాదు, దాచగలిగినదంతా అప్పటికే దాచేశాడు. "నాకు వినపడలేదు, దెల్ఫీ. నీ కోసం ఆపలేదు నేను. చేతులు రాలేదు. అంతే. చెయ్యకూడని పని చేశానని ఇన్నాళ్ళూ..."

దెల్ఫినా చేతిలో రొట్టె ముక్క నోటి దాకా వెళ్ళి ఆగింది. పొద్దున్నుంచీ తనకి తగిలిన దెబ్బ ఇప్పుడు ఆవిడకి తగలడం ఆయన కళ్ళారా చూశాడు. నాలుక కొరుక్కున్నా లాభం లేకపోయింది.

"అయితే నేను ఇంతమందికి చెప్పిందీ..." రొట్టె ముక్క బెంచీ మీద పెట్టేసింది. "ఎంత గట్టిగా పిలిచానో తెలుసా," అంది చిన్నగా. "నువ్వు విన్నావనే అనుకున్నాను. అందుకే నీ దగ్గర మళ్ళీ ఎత్తలేదు."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. కట్టెలు కొట్టీ కొట్టీ గరుకెక్కిన చెయ్యి. "మళ్ళీ పిలువు," అన్నాడు. "అప్పుడు పిలిచినట్టే."

"ఇక్కడా? అందరూ ఉన్నారు."

"ఉంటే ఉండనీ."

దెల్ఫినా సంచి పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆటలో మునిగిపోయిన పిల్లని తిండికి రమ్మన్నట్టు, గొంతెత్తి పిలిచింది. మైదానంలో వెళ్తున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగి, ఎవరి పాపైనా తప్పిపోయిందేమోనని చుట్టూ వెతికారు.