చంద్రబండ మెట్లు

మొన్న మనవరాలికి నర్సు ఉద్యోగం పరీక్ష ఉందంటే తోడుగా బెంగుళూరు వెళ్ళి, భూమి లోపల మెట్రో రైలు దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడగానే, నా అరికాళ్ళకు ఏదో పాత చల్లదనం తగిలింది. చెప్పులున్నాయి కాబట్టి తగిలే వీలు లేదు, అయినా తగిలింది. మన ఈడువాళ్ళు నమ్ముతారు గానీ పిల్లలకు చెబితే నవ్వుతారు.

ఆ స్టేషను కట్టే రోజుల్లో మా చంద్రబండలో వానలు ముఖం చాటేస్తే, నేనూ మా ఆయనా రాయచూరులో రైలెక్కి కూలిపనికి అక్కడికే వెళ్ళాం. అప్పటికి అది స్టేషను కాదు, చుట్టూ రేకులు పాతిన పెద్ద గొయ్యి. అడుగున రైలు ఆగే చోటు, దాని మీద టికెట్లిచ్చే పొడవాటి హాలు, ఆ హాలు నాలుగు మూలల నుంచి పైకి నాలుగు మెట్ల దారులు, రోడ్డుకు ఇటు రెండు, అటు రెండు. కాగితాల మీద వాటికి ఇంగ్లీషు అక్షరాలు పెట్టారు గానీ అవి మా నోట ఒక్కనాడూ నిలవలేదు. ఏ ఊరి గుంపు ఏ మూలన పనిచేస్తే ఆ మూలకు ఆ ఊరి పేరే. కల్లూరు మెట్లు, మాన్వి మెట్లు, పాలమూరు మెట్లు, మా చంద్రబండ మెట్లు. చివరికి ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చిన ఇంజనీరు కూడా సిమెంటు బండిని మాన్వికి పంపమని కేకేసేవాడు, మాన్వి అనేది ఒక ఊరని ఆయనకు తెలుసో తెలియదో.

నా పని నీళ్ళు పట్టడం. కొత్తగా పోసిన మెట్ల మీద గోనెసంచులు పరిచి, అవి ఆరిపోకుండా పొద్దున్నించి సాయంత్రం దాకా వట్టికాళ్ళతో ఎక్కుతూ దిగుతూ తడపాలి. ఊళ్ళో వదిలివచ్చిన ఈ మనవరాలికి అప్పుడే పలక చేతికొచ్చింది, దాన్ని తలచుకుని ఏడ్చింది కూడా ఆ మెట్ల మీదే. మా అమ్మాయి మాత్రం నలుగురిలో, మా అమ్మ బెంగుళూరులో కంపెనీ పని చేస్తుందని చెప్పేది. నేను లోలోపల నవ్వుకునేదాన్ని గానీ కాస్త నొప్పిగానే ఉండేది.

సరే, మొన్నటి మాటకొస్తాను. మనవరాలు ఫోను చూసుకుంటూ ముందు నడిచి నన్ను పైకి తీసుకొచ్చింది. తీరా చూస్తే పరీక్ష పెట్టే కాలేజీ రోడ్డుకు అవతల, మధ్యలో నిలువెత్తు ఇనుప కంచె. గేటు మూసేందుకు పది నిమిషాలే ఉంది. పిల్ల రెండేళ్ళ చదువు ఆ కంచె దగ్గరే ఆగిపోయేలా ఉంది.

"టైమైపాయె అవ్వా, ఇప్పుడెట్ల?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడుస్తవేంది బిడ్డా, మనం కల్లూరు మెట్లెక్కినం. నా ఎనకాల రా, చంద్రబండ మెట్ల మీద తేల్తం" అన్నాను.

నాకు మతి పోయిందనే అనుకుని ఉంటుంది పాపం. మళ్ళీ కిందికి దిగి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకు మోకాళ్ళ నొప్పి మరిచి నడిచాను. అక్కడ కొత్తగా వచ్చిన కాఫీ కొట్టును చూసి పిల్ల, దారి లేదవ్వా అంది. ఉంది, కొట్టు వెనక లావుపాటి స్తంభం పక్కన, నేను నీళ్ళు పోసి పెంచిన మెట్లు ఎక్కడికి పోతాయి? ఇవి మేం కట్టినవేనని దానికి చెబుతూ పైకి వచ్చేసరికి కాలేజీ గేటు ఎదురుగానే ఉంది, ఇంకా తెరిచే ఉంది. పిల్ల లోపలికి పరుగెత్తింది. చుట్టూ ఎవరూ లేకపోతే నేను ఈల వేసేదాన్నే.

తర్వాత ఆ మెట్ల పక్కన చాలాసేపు కూర్చున్నాను. మా సిమెంటు కనపడకుండా నున్నటి రాయి పరిచారు, పైన ఒక ఇంగ్లీషు అక్షరం వేలాడదీశారు. మా ఆయన లేడు, గుంపులో మిగిలినవాళ్ళు ఏ ఊళ్ళో పనికి కుదిరారో తెలియదు. ఆ పేరు నాతోనే పోతుందని అనుకుంటుండగా ఫోను మోగింది. పరీక్ష రాసి బయటికొచ్చిన మనవరాలు. దాని వెనక ఎవరో ఆడపిల్లలు, ఎక్కడ కలుద్దామని అడుగుతున్నారు. అది వాళ్ళకూ నాకూ కలిపి గట్టిగా చెప్పింది.

"చంద్రబండ మెట్ల కాడ. మా అవ్వ కట్టినయి."