అరువు తెచ్చుకున్న అధ్యక్షుడు

“ఆ డేగిసా మీంచి లేవకండి, అధ్యక్షురాలుగారూ!”

“లెగను తల్లీ, ఎవులు లెగమన్నా లెగను!”

నిధి ఇచ్చే సంస్థ నుంచి వచ్చినామెకూ నాకూ జరిగిన ఆఖరి మాటలివి. అధ్యక్షురాలు అన్నం వండే డేగిసా మీద ఎందుకు కూర్చుందంటారా? చెబుతాను. నోట్లో మెతుకులుంటే మింగేసి వినండి, పొలమారితే నా పూచీ లేదు. ఆ రోజు నేను చేసిన ఘనకార్యానికి మా సంఘం పొయ్యి శాశ్వతంగా ఆరిపోవాల్సింది.

బర్మాలో బోటాటౌంగ్ రేవులో మూటలు మోసి నడుములు వంగిన మా తెలుగు ముసలివాళ్లకు మధ్యాహ్నం అన్నం వండిపెట్టే సంఘం మాది. మా ఆయన పోయాక గరిటె ఈ సూరమ్మ చేతికొచ్చింది. గాదెలో బియ్యం అడుగంటాయి. అప్పుడే నా ఆడపడుచు లచ్చిమి కబురు తెచ్చింది. మాలాంటి నల్లవాళ్లే నడుపుతూ చుట్టుపక్కల నల్లవాళ్లకు సాయపడే సంఘాలకు డబ్బిచ్చే నిధి ఒకటుందట. చూసిపోవడానికి మనిషి వస్తోందట. ఆ మనిషి వచ్చే రోజు పొద్దున్నే మళ్లీ గుర్తుచేసింది.

“మనోళ్లే నడపాల్ట, వదినా.”

“నడుపుతున్నాం కదే!”

“మరి ఊ టిన్‌గారినెందుకు పిలిసినావు?”

అక్కడే ఉంది నా తెలివి. కరెంటు మీటరుకైనా, ఆఫీసులో ముద్రకైనా తెల్లటి బర్మా పెద్దమనిషిని ముందు నిలబెట్టి వెనకాల మేం నక్కడం మా అలవాటు. డబ్బిచ్చేవాళ్ల ముందు మసిబారిన నా మొహం పెడతానా? చౌక్తడాలో గొడుగులమ్మే ఊ టిన్‌ను ఆ ఒక్కరోజుకీ అధ్యక్షుడిగా కూర్చోమని బతిమాలాను. ఆయన పట్టు లుంగీ, తలపాగాతో పెళ్లికొడుకులా దిగాడు. సొంత టేకు కుర్చీ కూడా మోయించుకొచ్చాడు.

తీరా ఆ వచ్చినామెను చూస్తే నా చేతిలో గరిటె జారింది. నలుపులో నాకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది!

ఆమె ఇంగ్లీషులో అడుగుతుంటే లచ్చిమి ఎవరి భాషలో వాళ్లకు తిప్పి చెబుతోంది.

“అధ్యక్షులుగారూ, నిన్న ఇక్కడ ఏం వండారు?”

ఊ టిన్ తలపాగా సర్దుకుని, “మోహింగా” అన్నాడు. చేపల పులుసులో నూడుల్సు! మేం వండింది పప్పుచారు.

“మీరూ ఇక్కడే తింటారా?”

“లేదు. చింతపండు నాకు పడదు.”

బంతిలోంచి అప్పన్న తాత అరిచాడు. “ఈయనెవులమ్మా? ఎప్పుడూ సూళ్లేదే!”

“నోరు ముయ్యి తాతా! మన పెసిడెంటు,” అని కసిరాను.

“పెసిడెంటేటి? సూరమ్మ ఏస్తే తినడం, కసిరితే నోరు మూసుకోడం. మద్దిలో ఈ పెసిడెంటు ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు?”

లచ్చిమి నా వైపు చూడకుండా ఆ మాటలన్నీ పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పేసింది. వచ్చినామె నవ్వలేదు. ముసలివాళ్ల రేపటి అన్నం నా కళ్లముందే ఆవిరైపోయింది.

“డబ్బు గరిటె పట్టినవాళ్లకు,” అందామె నా వైపు తిరిగి. “మీరొచ్చి కూర్చుంటేనే నేను మాట్లాడతాను.”

ఊ టిన్‌కు రోషమొచ్చింది. లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ కుర్చీ కూడా మోయించుకుపోయాడు!

ఇక ఆలోచించే తీరికేది? అప్పుడే పొయ్యి దించి అన్నం దులిపిన డేగిసాను బోర్లించి, దాని మీద కూలబడ్డాను. చుర్రుమంది. లేస్తే నిధి పోతుందేమోనని భయం, లేవకపోతే నేనే పోతానేమోనని భయం! పళ్లు బిగించి, కళ్లనీళ్లతో అన్నిటికీ జవాబు చెప్పాను. నా కళ్లనీళ్లు చూసి ఆమె కరిగిపోయింది. “ఎంత మమకారం మీకు! డబ్బు తప్పక వస్తుంది,” అని చెప్పి, నన్ను లేవొద్దని మరీ మరీ మర్యాద చేసి వెళ్లింది.

ఆమె గుమ్మం దాటగానే నేను ఎగిరిన ఎగురుకు బంతిలో విస్తళ్లు కూడా లేచాయి.

అన్నమాట ప్రకారం డబ్బొచ్చింది. పొయ్యి ఆరలేదు. అందుకే ఉడుకుతున్న పప్పుచారు సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో ఇంక అధ్యక్షుణ్ణి అరువు తెచ్చుకోను. ఒకవేళ తెచ్చుకున్నా, ముందు డేగిసా చల్లారబెడతాను.

ఒసే లచ్చిమీ, ఆ నవ్వు సాల్లే. రాసిందంతా ఒకపాలి సదివి ఇనిపించు. ఎక్కడ కాలిందో మాత్రం రాయలేదు కదా?