సబీనా ఐసుపెట్టె

మైపాడు రేవులో ఐసు అమ్మే దరియావలి కూతురికి నడక రాదు, పరుగే వచ్చు. పొద్దున బస్సు కోసం పరుగు, నెల్లూరులో దిగాక బడికి పరుగు, సాయంత్రం సంచి ఇంట్లో గిరాటేసి ఇసక మీదికి పరుగు. మాటా అంతే. ఒకటి పూర్తి కాకముందే రెండోది మొదలయ్యేది. అలాంటి సబీనా పదకొండో తరగతి చదువుతూ, కదలకుండా నిలబడటం ఎంత సరదా పనో రేవుకంతటికీ నేర్పింది. ఎలా నేర్పిందో చూసినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ ఏడు వాళ్ల బడిలో పిల్లలకు కొత్త వెసులుబాటు ఇచ్చారు. వారంలో కొన్ని పీరియడ్లు ఎవరికి నచ్చిన విషయం వాళ్లు సొంతంగా చదువుకోవచ్చు. ఒక టీచరు పక్కన ఉండి దారి చూపిస్తారు. తరగతిలో దాదాపు అందరూ ఆ పీరియడ్లను లెక్కల కోచింగుకే రాసిచ్చారు. సబీనా ఒక్కతే ఫొటోగ్రఫీ అంది.

ప్రిన్సిపాల్ హరినాథ్ గారు కళ్లజోడు పైనుంచి చూశారు.

"ఫొటో తియ్యడంలో చదివేదేముందమ్మా? మా మనవరాలు ఇంకా అక్షరాలు దిద్దతా ఉంది, ఫోనుతో రోజంతా అదే పని."

"ఫోను తియ్యలేని ఫొటో తీస్తాను సార్."

ముందుగా అనుకుని అన్న మాట కాదు. నోరు జారింది. కానీ ఆయన దాన్నే పట్టుకున్నారు.

"బాగుంది. అర్ధ సంవత్సరం పరీక్షల లోపల అట్లాంటిది ఒక్కటి చూపించు. చూపించలేదా, ఆ పీరియడ్లన్నీ లెక్కలకే."

ఫిజిక్సు చెప్పే ఉషారాణి గారు ఆమెకు మార్గదర్శి అయ్యారు. కెమెరా లేదు కదా మేడమ్ అని సబీనా దిగులుపడితే ఆవిడ నవ్వారు. కెమెరా అంటే ఒక చీకటి పెట్టె, దానికొక సూది బెజ్జం, బెజ్జానికి ఎదురుగా ఫొటో కాగితం, అంతే. లెన్సు కూడా అక్కర్లేదు. నలుపు తెలుపు కాగితమూ దాన్ని కడిగే మందులూ చెన్నైలో తెలిసినవాళ్ల ద్వారా తాను తెప్పిస్తానన్నారు.

"ఇంక పెట్టె ఒకటే కావాలి. మీ ఇంట్లో పెట్టెలకు కొదవేముంది?"

నిజమే. దరియావలి ఇంట్లో మనుషులు కూర్చునే చోటు కూడా థర్మోకోల్ ఐసుపెట్టెలదే. వాటిలో ఒకదాన్ని సబీనా కడిగి ఎండబెట్టి, ముందువైపు కొంచెం కోసి, అక్కడ సూదితో పొడిచిన డబ్బా రేకు ముక్క అతికించింది. కాగితం పెట్టి బయటికి తీసుకెళ్లింది. కడిగి చూస్తే కాగితమంతా బొగ్గులాగా నల్లబడిపోయింది. ఇంకోటీ అంతే. థర్మోకోల్ ఐసును చల్లగా ఉంచుతుందే గాని, వెలుగును ఆపదు. ఎండలో పెడితే పెట్టె లోపలంతా లాంతరు వెలిగించినట్టే ఉంటుంది.

ఈ రేవులో దేనికి చిల్లు పడినా, దేని రంగు పోయినా ఒకటే వైద్యం: పడవ రంగు. ఎవరింట్లోనైనా డబ్బా అడుగున కాస్త మిగిలే ఉంటుంది. సబీనా కూడా ఆలోచించకుండా నల్ల రంగు తెచ్చి, గట్టిపడిందని థిన్నరు దండిగా కలిపి, పెట్టె లోపలంతా పూసేసింది. చూస్తుండగానే పెట్టె గోడలు బుసబుసమని కుంగిపోయాయి. అడుగు ఊడి, రంగంతా నడవలో పారింది.

దరియావలి గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏమ్మే, నేను అమ్మే ఐసు కరగడం చూసినా గాని, ఐసుపెట్టె కరగడం ఈరోజే చూస్తా ఉండా."

"థిన్నరు థర్మోకోల్‌ని తినేస్తాది నాయనా! కెమిస్ట్రీలో చెప్పినారు, మర్చేపోయినా!"

"ఆ ఇస్కూలోళ్లకు చెప్పు, మా ఇంటికొచ్చి నడవ కడిగిపొమ్మని."

అలా వెక్కిరించిన మనిషే సాయంత్రానికి రొయ్యల గుంటల్లో పరిచే నల్ల షీటు ముక్క ఒకటి చుట్టచుట్టి చంకన పెట్టుకొచ్చాడు. ఆ షీటు కొత్త పెట్టెకు లోపలా బయటా సరిగ్గా సరిపోయింది. చీకటంటే చీకటి! సబీనా దాంట్లో తల దూర్చి "నాయనా, ఏమీ కనపళ్లే! ఏమీ కనపళ్లే!" అని గంతులేసింది. ఏమీ కనిపించనందుకు అంత సంతోషపడిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మర్నాడు తెల్లవారుతూనే పెట్టెను ఇసక మీద పెట్టింది. అప్పుడే పడవలు ఒడ్డుకు వచ్చి, చేపల వేలంపాట జోరు మీద ఉంది. పాడేవాళ్లు, బేరగాళ్లు, గంపలు మోసేవాళ్లు, అరుపులు. పెట్టె బెజ్జం మీద మూత తీసి, పాట అయ్యేదాకా అలాగే ఉంచింది. కిటికీకి నల్ల షీటు కట్టి చీకటి చేసిన స్నానాల గదిలో ఎర్ర బల్బు వెలుతురులో కాగితం కడిగింది. మొదట తేలేది తిరగబడ్డ బొమ్మ. తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది. దాన్ని ఇంకో కాగితం మీద ఆనించి, టార్చిలైటు ఒక్కసారి మెరిపించి, ఆ రెండోదాన్ని కడిగితే అసలు బొమ్మ తేలుతుంది.

తేలింది. పడవ వచ్చింది, పడవ మీద రాసిన అక్షరాలు కూడా వచ్చాయి. సముద్రం పొగలాగా మెత్తగా వచ్చింది. కానీ మనుషులేరి? అంత సంతలో ఒక్క మగవాడూ లేడు. తిరుగుతూ ఉన్న వాళ్లెవరూ ఒకచోట నిలవలేదు గనక కాగితం ఎవరినీ పట్టుకోలేదు. పడవ పక్కన గంప బోర్లించుకుని, తన చేపల వంతు వచ్చేదాకా కదలకుండా కూర్చున్న వెంకటశేషమ్మ ఒక్కతే, రాతిబొమ్మలాగా, సముద్రం వైపు చూస్తూ ఉంది.

సబీనా అరిచిన అరుపుకు ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. ఇది ఫోను తియ్యలేని ఫొటో! ఒక పూటంతా ఒకే కాగితం మీద! తడి ఆరీ ఆరకముందే దాన్ని పట్టుకుని రేవుకు పరిగెత్తింది.

ఆ పడవ వెంకటశేషమ్మ మొగుడు మస్తానయ్యది. బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. చూశాడు. ముఖం నల్లబడింది.

"ఏందిది?"

"మీ పడవే మామా!"

"పడవ కనపడతానే ఉండాది. నేనేడ? గంగులయ్యేడ? పెంచలేడ? మేమంతా ఏమైపోయినాం?"

చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు ఆగిపోయింది. ఆయనకు కనిపించిందేదో అప్పుడు అందరికీ కనిపించింది. వేటకు పొయ్యేవాళ్లు ఒక్కరూ లేరు. ఖాళీ పడవ. పక్కన ఒంటరిగా ఆయన భార్య.

సబీనా గబగబా చెప్పబోయింది. వెలుగు, కదలిక, కాగితం అంది. ఆ తొందరలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"చూడు పాపా," అన్నాడు మస్తానయ్య. కేకలు పెట్టలేదు, అదే ఇంకా భయంగా ఉంది. "నీ మింద కోపం లేదు. కానీ ఈ బొమ్మ ఎవరికీ చూపీబాక. ఆ పెట్టె మళ్లీ ఇసక మింద పెట్టబాక. మేం నీళ్ల మిందికి పోతా ఉండేటోళ్లం."

సబీనా మాట ఇచ్చింది. ఇచ్చి, ఇంటికి మొదటిసారి నడిచి వెళ్లింది.

బడిలో ఉషారాణి గారికి బొమ్మ చూపించలేదు, సంగతి మాత్రం చెప్పింది. పరీక్షలు దగ్గరపడ్డాయి. చూపిస్తే ప్రిన్సిపాల్ ఆ క్షణమే ఒప్పుకునే ఫొటో ఆమె దగ్గరే ఉంది. చూపించకూడదు. ఇంకోటి తియ్యాలంటే రేవులో పెట్టె పెట్టకూడదు.

"వాళ్లకు పెట్టెను బయటి నుంచి చూపించినావు," అన్నారు ఉషారాణి గారు. "లోపలికి రమ్మని పిలిచినావా?"

"మనుషులు పట్టే పెట్టె యాడుంది మేడమ్?"

అడిగిందో లేదో, కుర్చీలోంచి ఎగిరి లేచింది. "మా నాయన ఐసు కొట్టు!"

దరియావలి ఐసు కొట్టుకు కిటికీలు లేవు. సముద్రం వైపు రేకు గోడ, మిగతా వైపులు ఇటుక. ఆదివారం మధ్యాహ్నం సబీనా సందులన్నిటికీ గోనెలు కుక్కి, రేకు గోడకు మేకుతో ఒక బెజ్జం కొట్టి, ఎదురుగా నాయన తెల్ల లుంగీ పరదాలా కట్టింది. పొద్దు పడమరకు వాలి రేవంతా ధగధగలాడుతున్న వేళ వీధిలోకి వచ్చి పిలవడం మొదలుపెట్టింది. ముందు ఆడవాళ్లు వచ్చారు. నేనూ వాళ్ల వెనకే దూరాను. కాళ్ల కింద ఐసు నీళ్లు, ఊకవాసన, కటిక చీకటి.

"ఏమ్మే, ఏందీ చీకట్లో నిలబెట్టినావు?"

"రవ్వంతసేపు అక్కా. కళ్లకు అలవాటు కావాల."

అలవాటైంది. లుంగీ మీద ఏదో నీలంగా కదిలింది. పైన సముద్రం! కింద ఆకాశం! పడవలు గబ్బిలాల్లాగా తలకిందులుగా వేలాడుతున్నాయి. ఒక కుక్క కాళ్లు పైకి పెట్టి ఇసక మీద పరిగెత్తింది. ఎవరో కెవ్వుమన్నారు. తర్వాత నవ్వులు, తోపులాట. లుంగీ మీద రంగులతో సహా మైపాడు రేవు, ప్రాణంతో, ఉన్నదున్నట్టు!

"అమ్మో, అది మా ఆయనే!" వెంకటశేషమ్మ గొంతు. "చూడండ్రా, తలకిందులుగా నడస్తా ఉండాడు! ఓయ్, ఇట్రా! నువ్వు ఈడుండావు!"

లోపలి కేకలు విని మస్తానయ్య, గంగులయ్యను వెంటబెట్టుకుని కొట్టులోకి వచ్చాడు. లుంగీ మీద తన పడవను, దాని పక్కన వల బాగుచేస్తున్న తన మిగతా మనుషులను చాలాసేపు చూశాడు. 

"ఈడ మనోళ్లంతా కనపడతా ఉండారు గదా," అన్నాడు చివరికి. "మరి కాగితం మింద ఎందుకు రాలా?"

ఈసారి సబీనా తొందరపడలేదు. "ఈ లుంగీకి గుర్తుండదు మామా. ఇప్పుడు వచ్చిన వెలుగు ఇప్పుడే పోతాది. కాగితానికి గుర్తుంటాది, కానీ దానికి నిదానం. మనిషి నిలబడితేనే అచ్చు పడతాది. మీరంతా పని మింద తిరగతా ఉండారు. అత్త ఒక్కతే కూర్చోనుండాది. అంతే."

"ఎంతసేపు నిలబడాల?"

"రెండు బీడీలు కాలేంతసేపు."

"ఏంరా గంగులయ్యా, నిలబడగలవా?"

"నేను నిలబడతా. నువ్వే నోరు మూసుకోని ఉండలేవు."

చీకట్లో నవ్వులు గుప్పుమన్నాయి. సరే తియ్యమ్మా అన్నాడు మస్తానయ్య.

గడువు రేపటితో ముగుస్తుందనగా, హరినాథ్ గారిని ఉషారాణి గారు మైపాడుకే పిలుచుకొచ్చారు. మధ్యాహ్నం ఎండలో పడవ ముందు మనుషులు వరసగా నిలబడ్డారు. కొత్త చొక్కాలు, తడిపి దువ్విన జుట్టు. సబీనా మూత తీసింది. రేవు రేవంతా ఊపిరి బిగబట్టింది. ఒక అల వచ్చి కాళ్లు తడిపి పోయింది, ఎవరూ కదల్లేదు. మస్తానయ్య మాత్రం పెదవులు కదపకుండానే, తల ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పుతూ "రేయ్ వినోదూ, గోక్కోబాక... పెంచలూ, నిటారుగా ఉండు..." అంటూనే ఉన్నాడు. సబీనా మూత వేసింది.

ఆ తర్వాత దరియావలి ఇంటి స్నానాల గది తలుపు ముందు నిలబడ్డ గుంపు పెళ్లిళ్లలో కూడా ఉండదు. అందరికంటే ముందు హరినాథ్ గారు, చెవి తలుపుకు ఆనించి. లోపల నీళ్ల చప్పుడు. తిరగబడ్డ బొమ్మ అయింది, అసలు కాగితం మందులో వేసింది.

"తేలినామా?" బయటి నుంచి కేక.

"పడవ వస్తా ఉండాది!" లోపలి నుంచి. "ఆగండి... ఒక మనిషి! గంగులయ్య మామ!"

బయట ఈలలు.

"పెంచలన్న! చొక్కా గుండీలు కూడా వచ్చినాయి! వినోదన్న!"

ఒక్కో పేరుకు ఒక్కో అరుపు. పేరు వినబడినవాడిని పక్కవాళ్లు వీపు మీద చరుస్తున్నారు. వెంకటశేషమ్మ ముందుకు తోసుకొచ్చి తలుపు కొట్టింది.

"మా ఆయన, పాపా? మా ఆయన తేలినాడా?"

లోపల చప్పుడు లేదు.

"మాట్లాడవేమ్మే!"

"తేలినాడత్తా... కాళ్లుండాయి. చేతులుండాయి. ఒళ్లంతా ఉండాది." సబీనా నవ్వు ఆపుకోలేకపోతోంది. "తల లేదు. తల ఉండాల్సిన చోట పొగ ఉండాది!"

అందరూ మస్తానయ్య వైపు తిరిగారు. ఆయన తల తడుముకున్నాడు.

"అటూ ఇటూ తిరిగి మమ్మల్ని తిట్టినావు గదా, ఇంకేడుంటాది తల!" అన్నాడు గంగులయ్య.

"ఇంట్లో కూడా అంతే," అంది వెంకటశేషమ్మ.

ముందు నవ్వింది మస్తానయ్యే. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. తలుపు తెరుచుకుంది. తడి కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని సబీనా బయటికి వచ్చింది. హరినాథ్ గారు దాన్ని వెలుతురులోకి తిప్పి చూశారు. కదలకుండా నిలబడ్డ ప్రతి ముఖం గీతగీతగా తెలుస్తోంది. నడుమ ఒక కొత్త చొక్కా, దాని కాలరు పైన ఒక చిన్న సుడిగాలి.

"ఫోను అయితే ఈయన తల పడి ఉండేది కదమ్మా," అన్నారు మెల్లగా. మళ్లీ చూశారు. "తిట్లు పడేవి కావు."

"సార్, మరి లెక్కలు..."

"లెక్కలు మిగతావాళ్లకు. నువ్వు ఇదే చదువు."

ఆమె అరిచిందో, బయటి గుంపంతా అరిచిందో తెలియదు. ఆ గోలలో మస్తానయ్య ప్రిన్సిపాల్ భుజం తట్టాడు.

"సారూ, రేపు ఈ పిల్లకు సెలవియ్యండి. నా తల నాకు కావాల. ఈసారి నోరు తెరవను."

"తెరుస్తాడు సార్," అంది వెంకటశేషమ్మ. "రేపు మీరు కూడా రండి, చూద్దురుగాని."