పండకముందే కోసిన వాక్కాయలు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ బండి మీద వాక్కాయలు కనిపిస్తే, వెంట ఉన్న కోడలు అవేమిటని అడిగింది. పప్పులో వేస్తారని చెప్పి ముందుకు నడిచానే గానీ, కొనడానికి నాకు చెయ్యి రాలేదు.

ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మేము కర్మన్‌ఘాట్‌లో కిరాయికుండేవాళ్లం. గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లం కనుక, వీధిలో ఎవరు గట్టిగా మాట్లాడినా మమ్మల్నే అంటున్నారేమోనని నాకు గుబులు. ఇంటావిడది నల్గొండ వైపు పల్లె, నన్ను చెల్లె అనే పిలిచేది. ఆ కాలనీ అంతా ఒకప్పుడు రాళ్లూ ముళ్లపొదలూనట; ప్లాట్లు చేసినప్పుడు అన్నీ కొట్టేయగా, నడి ఎండాకాలంలోనూ ఆకు రాల్చని వాక్కాయ పొద ఒక్కటే వాళ్ల పెరటి గోడ పక్కన మిగిలింది. దాన్ని వాళ్లు కలివి చెట్టనేవారు.

ఆ వానాకాలం ఇంటావిడ తల్లికి జబ్బు చేస్తే దవాఖానలో చేర్చారు. మర్నాడు బంద్. కూరల బండి రాలేదు, ఇంట్లో కందిపప్పు తప్ప ఏమీ లేదు, పెరట్లో చూస్తే పొద నిండా పచ్చికాయలు! పులుపు కనిపిస్తే మా వైపువాళ్ల చేతులు ఊరుకుంటాయా? ముళ్లు గీరుకుపోతున్నా ఒక్కటి వదలకుండా కోసి, పప్పు వండి, పాపం తల్లి దగ్గర దవాఖానలో ఏం తింటోందోనని, బట్టల కోసం వచ్చిన ఇంటావిడ చేతిలో గిన్నె కూడా పెట్టాను. నలభై దాటినా నా తెలివి అలా తెల్లారింది.

ఆవిడ మూత తీసి చూసి, పెరట్లోకి వెళ్లొచ్చి, "పండ్లెప్పుడైతయని మా అమ్మ రోజూ అడుగుతుండె చెల్లె. ఇంకో పది రోజులైతే పండుతుండె. జర ఆగకపోతివి" అంది. వాళ్లు ఆ కాయలు నల్లగా మగ్గాకే తింటారని నాకు తెలిస్తేగా! తల కొట్టేసినట్టయింది.

మావారు చంపాపేట్ నుంచి హయత్‌నగర్ దాకా తిరిగినా ఒక్క పండు దొరకలేదు. ముసలావిడ ఆ నెలలోనే పోయింది. ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని నేను సామాను సర్దుకోవడం కూడా మొదలుపెట్టాను గానీ, ఇంటావిడ ఆ మాటే ఎత్తలేదు.

మరుసటేడు నేను ఆ గోడ వైపే పోలేదు. పండ్లయ్యాక ఆవిడే గుప్పెడు తెచ్చి, "ఇప్పుడు తిను చెల్లె, తియ్యగున్నయ్" అంటూ నా చేతిలో పోసింది. నిజంగానే తియ్యగా ఉన్నాయి. అవి నోట్లో పెట్టుకునే ఏడ్చాను.

రాష్ట్రం వచ్చింది, ఆ ఇంటి చోట అపార్ట్‌మెంట్ లేచింది, మీది ఏ ఊరని ఇప్పుడు మమ్మల్నెవరూ అడగరు. ఆవిడ నన్ను ఎప్పుడో క్షమించింది. ఓ పెద్దావిడ చివరి రోజుల్లో నోరు తెరిచి అడిగిన పండ్లను నేను పప్పులో ఉడకేశాను, అది మాత్రం మారేది కాదు.